పదవికి విరమణ – పనికి వారసుడు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

“ఉద్యోగం పురుష లక్షణం” అన్నారు పెద్దలు. పదవీ విరమణ ఏ లక్షణమో మాత్రం చెప్పకుండా వదిలేశారు. ఆ మాట పుట్టిన రోజుల్లో రిటైర్మెంటు అనేదే లేదు గదా! మా అరకు కొండల్లో అయితే ఈనాటికీ లేదు. అక్కడ పని స్త్రీ లక్షణం కూడా. తెల్లవారకముందే గెడ్డ నీళ్ళకు పోయి, వచ్చి, మళ్ళీ కాఫీ తోటకు పోయే మా అమ్మను చూసినవాడెవడూ ఆ సామెతను పూర్తిగా నమ్మడు.

ఇంటర్నెట్టు మీద వ్యాసం రాస్తానని సంపాదకవర్గానికి మాట ఇచ్చి, రిటైర్మెంటుతో మొదలుపెట్టాడేమిటని పాఠకమిత్రులు అనుకోవచ్చు. ఈ రెంటికీ దగ్గరి చుట్టరికం వుంది. అది నాకు తరగతిలో తెలియలేదు, ఘాట్ రోడ్డు మీద తెలిసింది.

పోయిన ఏడాది మా చెల్లెలు ఇంటర్ పాసయింది. ఇప్పుడు డిగ్రీలో చేరాలంటే కాలేజీకి వెళ్ళి అప్లికేషను ఇచ్చే రోజులు కావు. అంతా ఆన్‌లైన్, ఏ కాలేజీ కావాలో వెబ్ ఆప్షన్లు పెట్టాలి, దానికి ఆఖరి తేదీ వుంటుంది. సరిగ్గా ఆ వారంలోనే మా వూరికి వచ్చే ఇంటర్నెట్టు ఆగిపోయింది. ఏ సంస్థది అన్నది ఇక్కడ అప్రస్తుతం; పేరు మారినా కథ మారదు. ఫిర్యాదు చేద్దామని నంబరుకు ఫోను చేస్తే, “మరింత వేగవంతమైన సేవ కోసం మా వెబ్‌సైటును దర్శించండి” అని ఒక ఆడగొంతు తీయగా చెప్పి పెట్టేసింది. నెట్టు రావడం లేదని చెప్పడానికి నెట్టు కావాలన్నమాట! సరే, సెల్‌ఫోను సిగ్నలు దొరికే గుట్ట ఎక్కాను. వెబ్‌సైటు తలుపు తీయలేదు. భద్రతా పత్రం గడువు నిన్ననే ముగిసింది, ముందుకు పోవడం ప్రమాదం అని తెర మీద ఎర్ర అక్షరాలు. ప్రమాదమైనా పోక తప్పదు గనుక పోయాను. లోపల ఓటీపీ అడిగింది. ఆ ఓటీపీ కొండ ఎక్కి వచ్చేసరికి దాని గడువు తీరింది. మళ్ళీ అడిగాను, మళ్ళీ తీరింది. మూడోసారికి “మీ ప్రయత్నాలు అయిపోయినవి, రేపు రండి” అన్నది. అమ్మా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటే ఇదే!

చివరకు మా అయ్య నాట్లు ఆపుకుని, చెల్లెల్ని బస్సెక్కించుకుని కొండ దిగాడు. మైదానంలో ఒక నెట్ సెంటరులో ఆప్షన్లు పెట్టించి, రాత్రి బస్సు లేక బస్టాండులో పడుకుని, మర్నాడు తిరిగి వచ్చాడు. రెండు రోజుల పని పోయింది, చార్జీలు పోయినవి. సీటు వచ్చింది గనుక ఇంట్లో అందరం ఆ సంగతి మరిచిపోయాం. కాని బస్సు చార్జీ లేని ఇంట్లో పుట్టిన ఆడపిల్ల సంగతేమిటి? ఆ పిల్ల చదువు ఆగిపోయిందని ఏ రికార్డులోనూ రాసి వుండదు. “దరఖాస్తు చేయలేదు” అని మాత్రం వుంటుంది.

మూడో రోజు సంస్థ తరఫున ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద వుంటాడేమో. కాంట్రాక్టు మీద చేస్తున్నాడు, పనిమంతుడు, మర్యాదస్తుడు. అతని దగ్గర ఓటీడీఆర్ అనే యంత్రం వుంది. ఫిజిక్సు చదివేవాళ్ళకు దాని సంగతి చెబితే సంతోషిస్తారు. గాజు తీగలోకి వెలుగును ఒక చిటికెడు పంపుతుంది. సంపూర్ణాంతర పరావర్తనం వల్ల ఆ వెలుగు తీగను వదలకుండా పరుగెత్తుతుంది. తీగ తెగిన చోట కొంత వెలుగు వెనక్కి వస్తుంది. పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి దూరం చెబుతుంది. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు గనుక, ప్రతి మైక్రోసెకనుకూ 100 మీటర్లన్నమాట. ఆ రోజు యంత్రం 114 మైక్రోసెకనులు లెక్కగట్టి 11 కిలోమీటర్ల 400 మీటర్లు అన్నది. పాఠం పుస్తకంలో వున్నట్టే జరిగిందని నేను మురిసిపోయాను.

కాని ఆ 11 కిలోమీటర్ల 400 మీటర్లు కొండ మీద ఎక్కడ? కుర్రవాడు మోటారు సైకిలు మీటరు చూసుకుంటూ పోయి ఒకచోట తవ్వించాడు. లేదు. ఇంకోచోట తవ్వించాడు. లేదు. రోడ్డు వెడల్పు చేసే పనుల్లో పాత గుర్తురాళ్ళు ఎప్పుడో పోయినవి. అప్పుడు టీ కొట్టు దగ్గరివాళ్ళు “లైను తాతను పిలవండి” అన్నారు. ముప్పై ఏళ్ళు ఆ ఘాట్ రోడ్డు వెంట ముందు రాగి తీగ, తరువాత గాజు తీగ లాగి, రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. నంబరు విన్నాడు. వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు.

“నీ మిసను అబద్దం సెప్పదు బాబూ. కాని కేబులు తిన్నగా పడుకోదు గదా! ముందుముందు అతుకు పెట్టాలంటే పనికొస్తాదని నాలుగు కల్వర్టుల కాడ సుట్టలు సుట్టి పెట్టినాం. ఒక్కో సుట్ట ఇరవై మీటర్లు. అయి తీసెయ్. ఎనక్కి రా.”

ఎనభై మీటర్లు వెనక్కి వచ్చి, ఆయన కర్ర పెట్టిన చోట తవ్వితే తెగిన తీగ కనపడింది. సాయంత్రానికి మా వూళ్ళో నెట్టు వచ్చింది.

కుర్రవాడు చెమట తుడుచుకుంటూ అడిగాడు: “మీరు రిటైరయ్యేటప్పుడు ఇదంతా ఎవరికైనా చెప్పలేదా తాతా?”

“ఎవులికి సెప్పాలి బాబూ? దండేసినారు, శాలువా కప్పినారు, పంపేసినారు. నా జాగాకి వచ్చినోడుంటే గదా సెప్పడానికి!”

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ముసలాయన ఒక్క మాటలో చెప్పేశాడు. మనం పదవీ విరమణకు సభ పెడతాం, పనిని అప్పగించడానికి మాత్రం ఏ ఏర్పాటూ చేయం. మనిషి ఇంటికి పోవడం న్యాయమే, పోవలసిందే. అతనితోబాటు పని కూడా ఇంటికి పోతే ఎలా?

ఆ వెబ్‌సైటు సంగతీ అంతే. సైటు నిజంగా ఆ సంస్థదేనని ధ్రువపరిచే పత్రాన్ని మాటిమాటికీ కొత్తది తీసుకోవాలి. 2020 సెప్టెంబరు నుంచి అటువంటి పత్రాలకు 398 రోజులకు మించి చెల్లుబాటు ఇవ్వడం లేదు. 2026 మార్చి నుంచి దాన్ని 200 రోజులకు కుదించాలని 2025లోనే నిర్ణయించారు. అంటే ఆ పత్రానికి కూడా రిటైర్మెంటు తేదీ వుంది. తేదీకి ముందే వారసుణ్ణి పెట్టుకోకపోతే సైటు ముందు ఎర్ర అక్షరాలు పడతాయి. ఏ సంస్థలోనైనా ఇటువంటి పని ఒక్క మనిషి జ్ఞాపకం మీద నడిస్తే, ఆ మనిషి కుర్చీ ఖాళీ అయిన ఏడాదికల్లా తలుపు మూతపడుతుంది. కొండ మీద తెగిన తీగా, నగరంలో గడువు తీరిన పత్రమూ ఒకే జబ్బుకు రెండు లక్షణాలు.

ఇది మన కొండల జబ్బే అనుకుంటే పొరపాటు. 2020 ఏప్రిల్‌లో, కరోనా వల్ల ఉద్యోగాలు పోయినవారు నిరుద్యోగ భృతికి ఎగబడినప్పుడు, అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు కంప్యూటర్లు ఆ బరువు మోయలేకపోయినవి. అవి నలభై ఏళ్ళనాటి పాత వ్యవస్థలు, కోబాల్ భాషలో నడుస్తున్నవి. ఆ భాష తెలిసినవారు ముందుకు రావాలని గవర్నరు ఫిల్ మర్ఫీ పత్రికలవారి ఎదుటే అడగవలసి వచ్చింది. తెలిసినవారిలో ఎంతోమంది అప్పటికే పని మానుకున్న పెద్దవాళ్ళు. అంత ధనిక దేశం కూడా ఒక లైను తాత కోసం వెతుక్కున్నదన్నమాట!

మన దేశం సంగతి చూద్దాం. టెలికాం శాఖ సేవలను విడదీసి 2000 అక్టోబరు 1న బి.యస్.ఎన్.ఎల్.కు అప్పగించారు. నష్టాలు పెరిగి, ఆదాయంలో అధికభాగం జీతాలకే పోతున్నదని 2019లో స్వచ్ఛంద విరమణ పథకం పెట్టారు. యాభై ఏళ్ళు నిండినవారికి అవకాశం ఇస్తే 78,569 మంది ముందుకు వచ్చారు. మొత్తం సిబ్బందిలో సగానికి సగం! వారి విరమణ 2020 జనవరి 31న, ఒక్క రోజునే. జీతాల ఖర్చు ఎంత మిగిలిందో లెక్క కట్టవచ్చు. ఆ ఒక్క సాయంత్రం ఎన్ని వేల కల్వర్టుల గుర్తులు ఇళ్ళకు పోయినవో లెక్క కట్టే పద్దు ఏ బడ్జెటులోనూ లేదు.

టవర్లు రావడం లేదని నేననడం లేదు. 2023 జూన్‌లో మన రాష్ట్రంలో ఒకేసారి 100 టవర్లు ప్రారంభించారు, వాటిలో ఎక్కువ భాగం మా అల్లూరి సీతారామరాజు జిల్లావే. 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగూడలో ప్రధానమంత్రి స్వదేశీ 4జీని, 97,500కు పైగా టవర్లను జాతికి అంకితం చేశారు. సంతోషించవలసిన విషయమే. కాని టవరుకు ప్రారంభోత్సవం వుంటుంది, ఆ టవరును కాపాడే మనిషికి వుండదు. రిబ్బను కత్తిరించే కత్తెర ఒక్క రోజుది. తీగ అతికే చెయ్యి ఏడాది పొడుగునా కావాలి.

ఇక విరమణ వయస్సు మీద మన రాష్ట్రంలో జరిగినంత గొడవ మరి దేని మీదా జరిగి వుండదు. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం 58ని 55కు తగ్గిస్తే వేలాది ఉద్యోగులు ఒక్కసారిగా ఇంటిముఖం పట్టారు. తరువాత మళ్ళీ 58 అయింది. 2014లో 60 అయింది. 2022 జనవరి 1 నుంచి 62 అయింది. తగ్గించినప్పుడు పెద్దవాళ్ళు అన్యాయమన్నారు, పెంచినప్పుడు కుర్రవాళ్ళు అన్యాయమన్నారు. మా హాస్టలులో అయితే 62 అనగానే “ఇంకో రెండేళ్ళు ఖాళీలు రావురా” అని కాలెండరు చూసుకునేవాళ్ళు ఈనాటికీ వున్నారు. వాళ్ళ ఆకలి అబద్ధం కాదు. కాని ఈ నలభై ఏళ్ళ వాదంలో అందరూ అడిగింది ఏ వయస్సున దిగిపోవాలనే. దిగేవాడు ఎవరికి అప్పగించి దిగాలి అని అడిగినవారు ఎంతమంది? 55 పెట్టినా, 62 పెట్టినా అప్పగింత లేకపోతే నష్టం ఒకటే.

మరి మా కొండ రైతు సంగతి? మా తాతకు డెబ్బై దాటింది. కాఫీ తోటలో కొమ్మలు కత్తిరించడం ఇంకా ఆయన చేతి పనే. సిల్వర్ ఓక్ చెట్ల నీడ ఎంత వుండాలి, ఎక్కడ ఎక్కువైతే కాపు తగ్గుతుంది, మిరియాల తీగను ఎంతవరకు పోనివ్వాలి అన్నది ఆయన కంటికి తెలుసు. నాకు పద్నాలుగో ఏట కత్తెర చేతికిచ్చి, ఒక వరస తను కత్తిరించి, పక్క వరస నన్ను కత్తిరించమన్నాడు. మాట్లాడలేదు. మరుసటి ఏడు కాపు వచ్చాక రెండు వరసల మధ్యా నిలబెట్టి “సూసుకో” అన్నాడు. అంతే పాఠం. అప్పగింత అంటే అది. దానికి సభ లేదు, శాలువా లేదు, పని మాత్రం చేతులు మారింది.

అయితే రైతు ఎప్పుడూ రిటైరు కాడని పొగిడేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. మా తాత పని మానకపోవడంలో ఇష్టం ఎంతో, గత్యంతరం లేకపోవడం కూడా అంతే. మోకాళ్ళ నొప్పితో రాత్రిళ్ళు మూలగడం మాకు తెలుసు. మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకు మామూలుగా 60 ఏళ్ళు నిండాలి, గిరిజనులకు 50 చాలు. కొండ మనిషి శరీరం ముందుగా అరిగిపోతుందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు గదా! 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. మా నాయనమ్మకు ఆ డబ్బు పెద్ద ఆసరా. కాని ఒకటో తారీఖున మిషను ముందు ఆమె వేలు పెడితే ఒకసారి పడుతుంది, నాలుగుసార్లు పడదు. ఇచ్చే అబ్బాయి పాపం ఒక్కొక్క వేలే పెట్టించి చూస్తాడు, తడిగుడ్డతో తుడుస్తాడు, సిగ్నలు కోసం అరుగు మీదికి తీసుకువెళతాడు. వేలిముద్ర ఎందుకు పడదు? యాభై ఏళ్ళు మట్టి పిసికి, చోళ్ళు తిరగలి పట్టి, ఆ గీతలు అరిగిపోయినవి. పని చేసి అరిగిన వేళ్ళనే, విశ్రాంతి కోసం గీతలు చూపమంటున్నది యంత్రం! ఉద్యోగికి శాలువా కప్పి పంపడం ఒక తప్పు అయితే, రైతు కూలీకి విశ్రాంతిని వేలిముద్రకు వేలాడదీయడం ఇంకొక తప్పు.

మన విద్యార్థుల సంగతి కూడా చెప్పుకోవాలి. మనలో ఎక్కువమందికి ఉద్యోగమంటే ఒక్కసారి ఎక్కి కూర్చుంటే ఇక దిగనక్కరలేని రైలు. 2004 తరువాత చేరినవారికి పాత పింఛను లేదని తెలిసినప్పటి నుంచి ఆ రైలు మీద మోజు కాస్త తగ్గింది గాని, పని మీద మోజు పెరగలేదు. ఇంకో రకం వాళ్ళున్నారు. నలభై ఏళ్ళకల్లా కోట్లు పోగేసి రిటైరై కొండల్లో కాఫీ తోట కొనుక్కుంటామంటారు. మా కొండల్లో 1970 నాటి 1వ నంబరు చట్టం వల్ల గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదని వాళ్ళకు మనవి! అది అలా వుంచితే, ఇరవై ఏళ్ళకే విశ్రాంతి గురించి కలలు కనడంలో ఏదో లోపం వుందని నా అభిప్రాయం. ఎవరికీ అవసరం లేని పని చేస్తున్నామన్న అనుమానం వున్నవాడే దానినుంచి త్వరగా పారిపోవాలనుకుంటాడు. లైను తాత కర్ర పెట్టిన చోట తీగ కనపడ్డప్పుడు ఆయన ముఖం నేను చూశాను. అది పింఛను తీసుకునే మనిషి ముఖం కాదు.

మంచి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. మా ప్రయోగశాలలో సహాయకుడిగా పనిచేసి రిటైరైన పెద్దాయన పోతూపోతూ ఒక నోటు పుస్తకం ఇచ్చి వెళ్ళారు. ఏ స్పెక్ట్రోమీటరు స్క్రూ ఎటు తిప్పితే పట్టుకుంటుంది, ఏ గాల్వనామీటరు వర్షాకాలంలో మొరాయిస్తుంది, ఏ అల్మైరా తాళం కొంచెం పైకెత్తి తిప్పాలి, అన్నీ గుండ్రని అక్షరాలతో తెలుగులో రాశారు. ఎవరూ రాయమనలేదు. ఆ పుస్తకం లేకపోతే మా బ్యాచి సగం ప్రయోగాలు చేసేది కాదు. ఈ సంచిక చదివే అధ్యాపకులకూ, పూర్వ విద్యార్థులకూ నా విన్నపం ఒకటే: మీ దగ్గరా అటువంటి పుస్తకం ఒకటి వుండి వుంటుంది, కాగితం మీదనో, తల లోపలనో. దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు గదా!

పెద్దలు చేయవలసినవి నాకు తోచినంతలో చెబుతాను. ఎవరైనా దిగిపోవడానికి ఆరు నెలల ముందే అతని వెంట ఒక వారసుణ్ణి తిప్పాలి. ఆ ఆరు నెలల జీతం దండగ ఖర్చు కాదు, విత్తనం ఖర్చు. తీగలు వేసిన దారి, చుట్టలు, అతుకులు అన్నీ పటం గీసి పంచాయతీలో కూడా ఒక ప్రతి వుంచాలి. కొండల్లో ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివిన పిల్లలు ఎందరో వున్నారు. వాళ్ళ వూరి తీగను చూసుకునే పని వాళ్ళకే ఇచ్చి, నేర్పే పని లైను తాతలకు గౌరవ వేతనంతో అప్పగించాలి. నెట్టు పోయినప్పుడు ఫిర్యాదు చేయడానికి నెట్టు అక్కరలేని దారి ఒకటి, తెలుగులో మాట్లాడే మనిషితో సహా వుండాలి. వేళ్ళు అరిగినవాళ్ళకు వేలిముద్ర అడగకుండా పింఛను ఇచ్చే మార్గం ముందు వరసలో వుండాలి, ఆఖరున కాదు.

ఇవి గొప్ప కోరికలు కావు. కొత్త టవరు ఒక్కటి కట్టించినంత ఖర్చు కూడా కాని కోరికలు వీటిలో వున్నాయి. లేనిదల్లా పనిని గౌరవించే బుద్ధి.

సోదర విద్యార్థులారా! రేపు మనలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు గుమాస్తాలు, కొందరు మాస్టార్లు, కొందరు నాలాగా సెలవుల్లో తోటకు పోయే రైతుబిడ్డలు. ఏ కుర్చీలో కూర్చున్నా మొదటి రోజునే పాతవాణ్ణి వెతికి “నాకు చెప్పండి” అని అడుగుదాం. ఆఖరి రోజు రాకముందే కొత్తవాణ్ణి పిలిచి “నేర్చుకో” అందాం. శాలువా ఎవరైనా కప్పవచ్చు. పని అందుకోవడానికి మాత్రం చెయ్యి చాచినవాడు కావాలి.